పాశ్చాత్యేతర సాహిత్యం: చదవబోయే ముందు

ఈ యేడు సావనీరుకి "విద్యార్థులకి పనికొచ్చేది ఏదైనా రాయండి" అని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, హాస్టలు మెస్సు దగ్గర జూనియర్లు ప్రతి యేడూ అడిగే ప్రశ్నే ముందు గుర్తొచ్చింది. ఎం.ఏ. ఇంగ్లీషులో 'నాన్ వెస్ట్రన్ లిటరేచర్' అని ఒక పేపరు వుంటుంది. సిలబస్ కాయితం చేతికి రాగానే అందులోని పేర్లు చూసి మనవాళ్లు కంగారు పడతారు. షేక్‌స్పియర్ పేరు విన్నాం, మిల్టన్ పేరు విన్నాం. ఈ అచెబే ఎవరు? మురసాకి ఎవరు? లూ సున్ ఎవరు? అంచేత అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "దీనికి గైడు దొరుకుతుందా అన్నా?"

దొరుకుతుంది. నేనూ కొనుక్కున్నవాణ్ణే. ముందు నా సంగతి చెప్పి తర్వాత అసలు విషయానికొస్తాను.

మా పేపర్లో నైజీరియా రచయిత చినువా అచెబే 1958లో ప్రచురించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల వుండేది. పరీక్షలో "ఒకాంక్వో పాత్రపై లఘుటీక రాయుము" అని వచ్చింది. అయిదు మార్కులు. ఒకాంక్వో విషాదాంత నాయకుడు, మొండితనం అతని లోపం, ఆ లోపమే అతని పతనానికి కారణం అని గైడులో వున్నది వున్నట్టు ఒక పేరా రాసి పారేశాను. మార్కులు బాగానే పడ్డాయి. నవల మాత్రం అప్పటికి తెరిచి చూడలేదు. చదివింది పరీక్షలైన రెండేళ్లకి, ఉద్యోగం లేక ఖాళీగా వున్న రోజుల్లో. ఆఖరి పేజీ దగ్గరికి వచ్చేసరికి సిగ్గుతో నా మొహం మాడిపోయింది. ఎందుకో ఈ వ్యాసం చివర చెప్తాను. అట్లాంటి సిగ్గు మీకు కలగకూడదనే ఇదంతా రాయడం.

పేరులోనే వుంది పేచీ

'పాశ్చాత్యేతర' అంటే పశ్చిమదేశాలది కానిది. సరే, కానిది ఏమిటో తెలిసింది. ఐనది ఏమిటి? తెలుగు తప్ప మిగతా భాషలన్నిటినీ 'తెలుగేతర భాష' అని ఒక పేపరుగా పెట్టి, అందులో తమిళం, జర్మన్, స్వాహిలీ కలిపి చెబితే ఎలా వుంటుంది? ఇదీ అంతే. వెయ్యేళ్ల కిందటి జపాను అంతఃపురానికీ, ఇరవయ్యో శతాబ్దపు నైజీరియా పల్లెకీ, కైరో వీధులకీ ఒకదానితో ఒకదానికి ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లండుని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ గీత గీస్తే, గీతకి అవతల పడ్డవన్నీ ఒక్క గంపలో చేరాయి.

ఈ సంగతి గట్టిగా అడిగినవాళ్లు వున్నారు. 1968లో నైరోబీ యూనివర్సిటీ కాలేజీలో గూగీ వా థియాంగో, హెన్రీ ఒవుర్ అన్యుంబా, తబన్ లో లియొంగ్ అనే ముగ్గురు అసలు ఇంగ్లీషు డిపార్టుమెంటునే రద్దు చెయ్యాలని ఒక పత్రం రాశారు. ఇంగ్లీషు సాహిత్యం చదవొద్దని కాదు వాళ్ల వాదన. ఆఫ్రికా విద్యార్థికి ఆఫ్రికా మధ్యలో వుండాలి, అక్కడి మౌఖిక సాహిత్యం కూడా పాఠం కావాలి, మిగతా ప్రపంచమంతా అక్కణ్ణించి చూడాలి అని. ఒక కాలేజీలో మొదలైన ఆ తగాదా తర్వాత చాలా దేశాల సిలబస్సుల మీద ప్రభావం చూపింది.

అంచేత మొదటి తయారీ ఏమిటంటే, ఇది ఒక సబ్జెక్టు అనుకోకండి. నాలుగైదు వేరు వేరు సబ్జెక్టులనుకోండి. నోటుపుస్తకంలో దేశానికొక భాగం విడిగా పెట్టుకోండి. "పాశ్చాత్యేతర సాహిత్య లక్షణములు" అని గైడులో అధ్యాయం వుంటే దాన్ని దాటెయ్యండి.

ఐతే దీనికి రెండో పక్క కూడా వుంది. ఈ సాహిత్యాలు పశ్చిమగాలి సోకకుండా ఎక్కడో మూటకట్టి వున్నవి కావు. అచెబే తన నవల పేరు యేట్స్ పద్యంలోంచి తీసుకున్నాడు. లూ సున్ 1918లో రాసిన 'పిచ్చివాడి డైరీ'కి అంతకు ముందే రష్యాలో గొగోల్ రాసిన కథ పేరే పెట్టాడు. ఇక మనందరికీ తెలిసిన అల్లావుద్దీన్ అద్భుతదీపం, ఆలీబాబా నలభై దొంగలు వున్నాయే, మన తెలుగు సినిమాలుగా కూడా వచ్చాయి, ఆ రెండూ పాత అరబ్బీ 'వెయ్యిన్నొక్క రాత్రులు' ప్రతుల్లో లేవు. 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే అలెప్పో పట్టణవాసి నోటివెంట విని, ఆంత్వాన్ గాలాన్ తన ఫ్రెంచి అనువాదంలో చేర్చాడు. అరేబియా కథలంటే ఇవే అని లోకమంతా నమ్మినవి, సిరియావాడు చెప్పగా పారిస్‌లో పుస్తకానికెక్కిన కథలు! కాబట్టి 'తూర్పు' 'పడమర' అని గోడ కట్టేసి ఆలోచించకూడదు.

తిండీ, వారం, పిలుపూ

రెండో తయారీ చాలా చిన్న విషయాలతో మొదలవుతుంది. వాళ్లేం తింటారు, రోజులెలా లెక్కపెడతారు, ఒకరినొకరు ఏమని పిలుస్తారు.

అచెబే నవల నిండా 'యామ్' అనే పంట వుంటుంది. నిఘంటువు చూస్తే కందగడ్డ అని వుంటుంది. మా క్లాసులో అదొక రకం చిలగడదుంప అనుకుని ముందుకి పోయాం. వెనక బెంచీలో ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన మిత్రుడొకడు కూర్చునేవాడు. ఇంగ్లీషు మాట్లాడ్డం సరిగా రాదని క్లాసులో నోరు విప్పేవాడు కాదు. ఆ రాత్రి హాస్టల్లో నవ్వుతూ అన్నాడు: "అది కందా కాదు, చిలగడదుంపా కాదురా. మట్టి పోగుచేసి నాటి, తీగెకి కర్ర పాతేది పెండలం. మా యింట్లో వేస్తాం." వాడు చెప్పిందే నిజం. యామ్ పెండలం జాతిది. అంతటితో ఆగలేదు ఆ సంగతి. నవల్లో కోకోయామ్ అని ఇంకొకటి వుంది, అది మన చేమదుంపలాంటిది. కసావా అంటే సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే కర్రపెండలం. ఇగ్బోల్లో పెండలం మగవాళ్ల పంట. చేమా, కర్రపెండలమూ ఆడవాళ్ల పంటలు. తండ్రిలా చేతకానివాడు, ఆడంగి అనిపించుకోకూడదనే భయంతో బతికినవాడు ఒకాంక్వో. వాడి చేలో ఏ దుంప వుందో తెలియకపోతే వాడి భయం మనకి అర్థం కాదు. అన్నిటినీ 'దుంప' అనుకుంటే నవల సగం పోయినట్టే.

ఈ విషయం తెలిసిన ఒక్క మనిషి మా క్లాసులో వున్నాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. వాడూ చెప్పలేదు. ఆ పేపర్లో వాడికి అత్తెసరు మార్కులొచ్చాయి. ఇది తల్చుకుంటే నాకిప్పటికీ బాధ కలుగుతుంది.

వారం సంగతీ అంతే. మనకి సంత ఏడు రోజులకొకసారి. ఇగ్బోల సంత వారానికి నాలుగే రోజులు. "మూడు సంత వారాలు" అంటే వాళ్లకి పన్నెండు రోజులు, మనం లెక్కేస్తే ఇరవయ్యొకటి.

ఇక పిలుపు. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో జపాను రాజాస్థానంలో వున్న ఒక స్త్రీ 'గెంజి కథ' రాసింది. యాభై నాలుగు అధ్యాయాలు. ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. మురసాకి షికిబు అన్నది పిలుపు పేరు, అందులో షికిబు తండ్రి చేసిన ఉద్యోగాన్ని బట్టి వచ్చింది. పాత్రల తీరూ అంతే. అసలు పేరు పెట్టి పిలవడం మర్యాద కాని లోకం అది. పదవిని బట్టి పిలుస్తారు, పదవి మారితే పిలుపూ మారుతుంది. ఎవరెవరో తెలియక మనవాళ్లు యాభయ్యో పేజీలోనే పుస్తకం మూసేస్తారు. మొగుడి పేరు చెప్పని అమ్మమ్మలు వున్న ఇళ్ల నుంచి వచ్చాం మనం. 'కరణంగారు', 'మునసబుగారు' అని హోదాతోనే మనుషుల్ని పిలిచిన ఊళ్లు మనవి. ఇది మనకి కొత్తేమీ కాదు. ఒక కాయితం మీద చుట్టరికాల పటం గీసుకుని పక్కన పెట్టుకుంటే చాలు, చదువు సాగుతుంది.

ఏ భాషలోంచి, ఎవరి చేతిమీదుగా

మూడో తయారీ: పుస్తకం మొదట ఏ భాషలో వుంది, ఇంగ్లీషులోకి ఎవరు తెచ్చారు, ఎప్పుడు? మొదటి పేజీ వెనక చిన్న అక్షరాల్లో వుంటుంది. మనం చూడం.

లూ సున్ 'పిచ్చివాడి డైరీ' చూడండి. దానికి ముందు చిన్న పీఠిక వుంటుంది. డైరీ రాసినవాడికి జబ్బు నయమైందనీ, ఏదో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడనీ అందులో చెప్తాడు. ఆ పీఠిక పాత గ్రాంథిక చైనీసులో రాశాడు. డైరీ మాత్రం వాడుక భాషలో. అంటే నిజాన్ని చూసిన పిచ్చివాడు జనం భాషలో మాట్లాడుతున్నాడు, 'నయమైన' లోకం గ్రాంథికంలో మాట్లాడుతోంది. కథ ప్రాణం ఇందులో వుంది. చాలా ఇంగ్లీషు అనువాదాల్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చదివేవాళ్లకి ఇది అందదు. కానీ తెలుగువాడికి ఒక్కమాట చెబితే చాలు! ఇంచుమించు అదే కాలంలో గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం ఎంత పోరాడారో, పండితులు ఎంత ఎదురుతిరిగారో మనకి తెలుసు. ఈ కథ చదవడానికి మన గ్రాంథిక వ్యావహారిక వివాదం కంటే మంచి పీఠిక ఏ గైడులోనూ వుండదు.

'గెంజి కథ'కి ఇంగ్లీషులో పేరు తెచ్చినవాడు ఆర్థర్ వేలీ. 1925 నుంచి 1933 దాకా సంపుటాలుగా వేశాడు. గొప్ప అనువాదం. ఐతే అందులో ముప్పై ఎనిమిదో అధ్యాయం పూర్తిగా వదిలేశాడు. తర్వాత 1976లో సైడెన్‌స్టికర్, 2001లో టైలర్ మళ్లీ అనువదించారు. మీ చేతిలో వున్నది ఎవరిదో తెలియకుండా "మురసాకి శైలి" గురించి రాస్తే అది వేలీ శైలి గురించి రాసినట్టు.

మనకి దగ్గరి ఉదాహరణ 'గీతాంజలి'. 1912లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, బెంగాలీ 'గీతాంజలి' ఒకటి కావు. ఇంగ్లీషులో వున్న 103 ఖండికల్లో బెంగాలీ 'గీతాంజలి' నుంచి తీసుకున్నవి 53 మాత్రమే. మిగతావి టాగోర్ ఇతర సంపుటాలవి. పాటలన్నీ ఇంగ్లీషులో వచనమయ్యాయి. అనువదించింది కవే అయినా ఇంత మార్పు వుంది.

కొలబద్దలు ఎవరివి?

నాలుగో తయారీ కొంచెం కష్టం. పాత పేపర్లలో నేర్చుకున్న కొలబద్దలు ఇక్కడికి తెచ్చి పెట్టేస్తాం. అరిస్టాటిల్ చెప్పిన విషాద నాయకుడు ఎక్కడున్నాడు, కథావస్తువుకి ఆదిమధ్యాంతాలు ఏవి, అని వెతుకుతాం. అవి తప్పని నేననను. అచెబే స్వయంగా ఇబదాన్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాడు, గ్రీకు విషాదం ఆయనకి తెలియనిది కాదు. కానీ ఒకాంక్వో కథని ఒక్క మనిషి లోపం కథగా చూస్తే, ఆ ఊరికి వచ్చిన చర్చీ, కోర్టూ, పోలీసులూ కనబడకుండా పోతాయి. ఊరు విరిగిపోయింది వాడి మొండితనం వల్ల కాదు గదా! 'గెంజి కథ'లో గెంజి చనిపోయాక కూడా పుస్తకం చాలా దూరం నడుస్తుంది. హీరో పోయాక కథేమిటి అనుకుంటే అది మన కొలబద్ద పొరపాటు. దాదాపు ఎనిమిది వందల చిన్న పద్యాలు వున్నాయి అందులో. అవి అలంకారాలు కావు, ఆ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరే అది.

ఇంకో ప్రమాదం వుంది, ఇది తెలివైన విద్యార్థులకి వచ్చేది. ఆచారాలన్నీ నేర్చుకుని, నవలని ఆ ఆచారాల పట్టికగా చదవడం. ఇందాక పెండలం, సంత వారం తెలుసుకోమన్నది ఆ మనిషి మనసు తెలియడానికి. నవల గెజిటీరు కాదు. ఇగ్బోలు ఎలా బతికారో రాయండి అని ప్రశ్న వచ్చినా, ఎవరు బతికారో మరిచిపోకండి.

మన లాభం, మన పొరపాటు

ఇంతవరకూ చెప్పిన దాన్ని బట్టి ఒక విషయం మీకు తోచే వుంటుంది. ఈ పేపర్లో తెలుగు మీడియం నుంచి, పల్లెల నుంచి వచ్చినవాళ్లకి లోటు లేదు సరికదా, లాభం వుంది. పంటలు, చుట్టరికాలు, సామెతలు, రెండు రకాల భాషలు, దొర కచ్చేరీ ముందు నిలబడ్డ తాతల కథలు ఇవన్నీ మీ దగ్గర వున్నాయి.

కానీ "అబ్బే, ఇదంతా మనకి తెలిసిందే" అనుకోవడం కూడా పొరపాటే. ఇగ్బో సమాజంలో 'ఒసు' అనేవాళ్లు వుండేవారు. వాళ్లని ముట్టుకోరు, పెళ్లి సంబంధాలు చేసుకోరు. నవల్లో క్రైస్తవంలో చేరడానికి ముందుకొచ్చినవాళ్లలో వాళ్లున్నారు. మనవాళ్లు వెంటనే "అంటరానితనం" అని రాసేస్తారు. ఐతే ఒసు అంటే దేవుడికి అంకితం చేసినవాడు, వాడి సంతానం కూడా అంతే. కులవృత్తి వల్ల వచ్చింది కాదు. పోనీ జోగినీ ఆచారంతో పోలుద్దామా అంటే అదీ సరిపోదు. సగం ఇటు, సగం అటు. నైజీరియా తూర్పు ప్రాంతంలో 1956లో చట్టం చేసి ఈ ఆచారాన్ని రద్దు చేశారు. చట్టంతోనే అది పోయిందా అన్న ప్రశ్న మనకి వేరే చెప్పక్కర్లేదు. పోలిక మొదటి మెట్టు. అక్కడే ఆగిపోకుండా ఎక్కడ పోలిక చెడిందో కూడా రాయండి. మంచి జవాబు అక్కణ్ణించే మొదలవుతుంది.

పోలిక ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. పైన చెప్పిన గూగీ, 1977లో తన గికూయు భాషలో పల్లెజనంతో నాటకం ఆడించినందుకు జైలుకెళ్లాడు. జైల్లో టాయిలెట్ కాయితాల మీద గికూయులో ఒక నవల రాశాడు. అది 1980లో అచ్చయింది. తర్వాత ఆయనే ఇంగ్లీషు చేశాడు. ఆ ఇంగ్లీషు ప్రతిని వరవరరావు తాను జైల్లో వున్నప్పుడు తెలుగు చేశాడు, 'మట్టికాళ్ల మహారాక్షసి' పేరుతో. కెన్యా జైలు నుంచి తెలుగునాడు జైలుకి వచ్చిన నవల అది. గూగీ 2025 మే నెలలో కన్నుమూశాడు. సాహిత్యం చదవడానికి యూనివర్సిటీ సర్టిఫికెట్టు వుండాలనేమీ లేదని ఈ ఒక్క పుస్తకం చరిత్రే చెప్తుంది.

సెలవుల్లో చెయ్యదగిన పని

ఇక ఆచరణ. క్లాసులు మొదలయ్యేలోగా నెలన్నర వుంటుందనుకుందాం.

మొదటి వారం ఒక అభ్యాసం చెయ్యండి. గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' కథ తీసుకోండి. నైరోబీలో ఒక విద్యార్థి తన 'పాశ్చాత్యేతర' పేపర్లో దాన్ని చదువుతున్నాడనుకోండి. వాడికేం తెలియాలి? సానిపాట అంటే ఏమిటి, ఆ రోజుల్లో దాని మీద గొడవ ఏమిటి, భార్య చదువుకోవడం ఎందుకు విశేషం, నౌకరు మాటకీ యజమాని మాటకీ తేడా ఏమిటి, ఏది చదివితే నవ్వు రావాలి. రెండు పేజీల నోట్సు రాయండి. రాస్తున్నప్పుడు మీకే తెలుస్తుంది, కథ ఎంత చెప్పకుండా వదిలేస్తుందో, ఆ వదిలేసింది మనం ఎంత సులువుగా నింపుకుంటున్నామో. అచెబే దగ్గరా లూ సున్ దగ్గరా మనకి లేనిది అదే. ఏం వెతకాలో అప్పుడు తెలుస్తుంది.

రెండో వారం నుంచి పాఠ్యగ్రంథాలు. చిన్నవి ముందు: లూ సున్ కథ ఒక్క పూటలో అవుతుంది. తర్వాత అచెబే, అదేమంత పెద్ద నవల కాదు. పెద్దవి ఆఖరికి. మొదటిసారి ముందుమాటా గైడూ లేకుండా చదవండి. అర్థంకాని మాట దగ్గర గీత గీసి ముందుకి పొండి. రెండోసారి పక్కన ప్రపంచపటం, నోటుపుస్తకం పెట్టుకుని ఆ గీతలు ఒక్కొక్కటే విప్పండి. గైడు మూడోసారి. అప్పుడు గైడు ఎక్కడ తప్పు రాసిందో మీరే చెప్పగలరు.

ఒంటరిగా చదవకండి. నలుగురు కలిసి తలా ఒక దేశం తీసుకోండి. వారానికోసారి కూర్చుని, తెలుగులోనే, ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పండి. వెనక బెంచీ మిత్రుణ్ణి తప్పకుండా పిలవండి. ముందు వాణ్ణి అడగండి.

చివరిమాట

ఇప్పుడు నా సిగ్గు సంగతి. 'థింగ్స్ ఫాల్ అపార్ట్' ఆఖరున ఒకాంక్వో శవం చూసిన ఇంగ్లీషు డిస్ట్రిక్ట్ కమిషనర్ తాను రాయబోయే పుస్తకం గురించి ఆలోచించుకుంటాడు. వీడి మీద ఒక అధ్యాయం రాయవచ్చా అనుకుని, అంత అక్కర్లేదు, ఒక పేరా చాలునని తేల్చుకుంటాడు. నవలంతా చదివి ఆ మనిషి తండ్రినీ, భార్యల్నీ, కూతుర్నీ, పెండలం చేలనీ ఎరిగిన మనకి ఆ 'ఒక పేరా' గుండెల్లో గుచ్చుకుంటుంది. రెండేళ్ల కిందట పరీక్షహాల్లో నేను రాసింది సరిగ్గా అదే. ఒక పేరా, అయిదు మార్కులు. నల్లవాళ్ల పక్షం అనుకుంటూ దొర చేసిన పనే చేశాను.

మన తాతముత్తాతల మీద కూడా ఇలాంటి పేరాలు వున్నాయి. 1909లో ఎడ్గార్ థర్స్‌టన్ దక్షిణ భారతదేశపు కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. లైబ్రరీలో దొరికితే తీసి, మీ ఊరివాళ్ల గురించి, మీ కులం గురించి, మీ మిత్రుడి కులం గురించి ఏం రాశాడో చూడండి. చదివాక "ఇంతేనా మేము?" అనిపిస్తుంది. ఆ ప్రశ్న మనసులో వుంచుకుని ఒకాంక్వో దగ్గరికి వెళ్లండి. ఈ పేపరుకి అంతకంటే మంచి తయారీ నాకు తెలిసి ఇంకొకటి లేదు.